డాబా మీద బుధవారం

డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపారు:
"క్లాసులో కిటికీలోంచి చూస్తోంది."
ఆ నెలలో అది పదకొండోసారి.
ఏం కనబడుతుందే అక్కడ, అని అడిగాను.
రైలు పట్టాల పక్క గోడ మీద
ఒక ఉడుత ఏదో దాచుకుంటుందట,
దాచింది ఎక్కడో మర్చిపోతుందట.
"నేను మర్చిపోను గదమ్మా, అందుకే చూస్తున్నా."

జూన్‌లో బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, పోయింది.
కుందన ఎక్కలేదు.
జరిగింది ఇంతే. మల్కాజిగిరిలో మా గల్లీకి మాత్రం
వారం రోజుల వార్త.
ఫీజు కట్టలేదా, అంది పైనింటి ఆవిడ
మెట్ల మీద బియ్యం చెరుగుతూ.
మా అత్త చాట లేకుండానే చెరిగింది:
"రేపు ఎవరన్నా అడిగితే
పిల్ల ఏ తరగతని చెప్పాలె?"

రెండు నెలలు మేమిద్దరమే.
వంటింట్లో భిన్నాలు, బాల్కనీలో భూగోళం.
ఒక మధ్యాహ్నం వైకుంఠపాళి పరుచుకుని
తన పందెమూ తనే, ఎదుటివాళ్ల పందెమూ తనే వేస్తూ
ఎదుటివాళ్లు ఓడితే
"పర్లేదులే" అని ఖాళీ చాపకి చెబుతోంది.
నేను చూస్తూ నిలబడ్డాను. కూర మాడింది.

ఆ సాయంత్రమే కాగితం రాశాను.
"పిల్లలు కావాలి.
ఏడు నుంచి పదేళ్ల లోపు.
బడికి పోనివాళ్లు, పోలేనివాళ్లు.
కలిసి నేర్చుకోడానికి."
ఐలయ్య కిరాణం షట్టరు మీద
స్టవ్ రిపేరుకీ లేడీస్ హాస్టల్‌కీ నడుమ
అన్నం మెతుకులతో అతికించాను.

ఫోన్లు వచ్చాయి.
అబాకస్ ఉందా మేడమ్?
ఐఐటీ ఫౌండేషన్ ఏ క్లాసు నుంచి?
ఒకాయన ఘట్‌కేసర్ దాటాక ప్లాటు ఇప్పిస్తానన్నాడు.
ఒకామె ఏమీ అనదు,
కాసేపు ఊపిరి వినిపించి పెట్టేస్తుంది.
మూడుసార్లు అలా చేసి
నాలుగోసారి ఏకంగా తలుపే తట్టింది,
మౌలాలి నుంచి, కొడుకు చెయ్యి పట్టుకుని, జకియా.
"మా ఉజైర్‌కి మాట తడబడుతది. అక్కడ నవ్విన్రు.
మీరు నవ్వరు గదా?"
సిలబస్ సంగతి అడగనే లేదు.

తర్వాత లాలాగూడ వెల్డర్ క్రిస్టోఫర్ గారి కవలలు.
మొదటి బుధవారం చేతులు కట్టుకుని కూచున్నారు,
ఎవరూ ఏమీ అనకపోయేసరికి
ఇంకా భయపడ్డారు.
ఆఖరున బాలమణి.
పాలమూరు మేస్త్రీ కూతురు.
"మా బిల్డింగు అయ్యేదాక వస్తది, మేడం" అన్నాడు తండ్రి.
ఏడంతస్తులు. అప్పటికి మూడో స్లాబు.

పాఠం అంటే ఏముంది,
నల్లా రోజు విడిచి రోజు వస్తుంది.
ట్యాంకు ఎంతసేపట్లో నిండుతుంది?
కర్ర ముంచి గీత గీశారు, మళ్లీ ముంచారు.
ఉజైర్ "న... న... న..." అంటుంటే
ఆ మాట ఎవరూ పూర్తి చెయ్యలేదు,
ట్యాంకు పొంగి ఓనరు కింద నుంచి అరుస్తున్నా సరే
నలుగురూ ఆగారు,
"నలభై రెండు నిమిషాలు" అయ్యేదాకా.

ఇసుక సిమెంటు లెక్క బాలమణి చెప్పింది.
ఒకటికి నాలుగు, గోడకైతే ఆరు.
నిష్పత్తి అనే మాట ఒక్కటే నేను అందించాను.
మిగతాది ఆమె అరచేతులకు ముందే తెలుసు.

అన్నీ బాగున్నాయని చెప్పను.
రాత్రుళ్లు లేచి కూచుంటాను.
ఓపెన్ స్కూల్ ఫారాలు, పదో తరగతి పరీక్ష,
నాకే రాని బీజగణితం.
కవలలు ఈ నెల రెండు వారాలు రాలేదు,
ఎందుకని అడిగే ధైర్యం నాకు రాలేదు.
పొద్దున ఏడూ నలభైకి బస్సు హారన్ వినబడితే
కుందన కాదు, నేనే ఉలిక్కిపడతాను.

డాబా మీద కిటికీ లేదు.
ఎటు చూసినా ఎవరూ డైరీలో రాయరు.
పిల్లలంతా ఒకే వైపు చూస్తున్నారివాళ,
వేపచెట్టుకి అవతల, కర్రల పరంజా వైపు.
నిన్న రాత్రి ఐదో స్లాబు పడింది.
బాలమణి బలపం కింద పెట్టేసింది.
ఉజైర్ వేళ్లు మడుస్తున్నాడు,
ఏడులోంచి ఐదు.

ఈ తీసివేత నేను నేర్పలేదు.